మరగని నీళ్లు

నలభై తొమ్మిది. పొదుగుకు కూర్చున్న కోడిపెట్టలా, నీళ్ల వేడి చూపించే ఎర్ర అంకె అక్కడినుంచి లేవడం లేదు. లేస్తుందిలే, అరవైకి రావాల్సిందే, ఎండ ఇంత ఉన్నప్పుడు రాకుండా ఎక్కడికి పోతుంది. రాకపోతే మా ఆయనకు అన్న, నాకు బావ, ఉమామహేశ్వర చెప్పినట్టే జరుగుతుంది, ఈ మెషిన్ను ఎత్తి వీధిలో పెడతారు, నేను మళ్లీ నూలు రంగుల పొయ్యి ముందుకు పోయి కూర్చుంటాను, రేపు, ఎల్లుండి, వచ్చే ఏడు, మా అత్తలాగా కండ్లు మసకబారి గోడ తడుముకుంటూ నడిచేదాకా. కూర్చోను. నీళ్లు కాగనీ, కాగకపోనీ, ఆ పొయ్యి ముందు ఇంకొక పూట కూర్చోను. ఈ మాట పొద్దున చౌడమ్మ తల్లి పటానికి దండం పెడుతూ గట్టిగానే అన్నాను. మా ఆయన ధనుంజయ విన్నాడు, వినీ విననట్టు మజ్జిగ తాగి మగ్గం గుంతలోకి దిగిపోయాడు. ఆయన సంగతి అంతే. కాళ్లు గుంతలో, కండ్లు పడుగు మీద, బావ మరదళ్ల మాటొచ్చినా అన్నదమ్ముల మాటొచ్చినా చెవుల్లో నూలుపోగులు. పైన షెడ్డు రేకులు ఎండకు టపటపమంటున్నాయి. జమ్మలమడుగు దిక్కునుంచి వచ్చే గాలి గాలిలా లేదు, రొట్టెల పెనం ముఖానికి దగ్గరగా పెట్టినట్టుంది. నులక మంచం మీద బావ, పక్కన గుంజకు ఆనుకొని పక్క వీధి మగ్గాల తిమ్మయ్య. గంగిరెద్దులాట చూడటానికి వచ్చినట్టు వచ్చారు ఇద్దరూ.

"ఏమప్పా తిమ్మయ్యా," అన్నాడు బావ, నాకు వినపడాలనే, "శ్రీశైలంలో జనాలకు మురికి వదిలించిన మెషిన్ ఇది. ఈడికొచ్చి రంగు అంటిస్తాదంట."

"మురికేనా, పాపాలు గూడా కడిగుంటాదిలే. మల్లన్న దగ్గర్ది గదా."

నవ్వుకోండి. నవ్వితే అంకె తగ్గుతుందా. నిజమే, అది శ్రీశైలంలో ఒక సత్రంలో భక్తుల స్నానాలకు నీళ్లు కాచిన మెషినే. సత్రం వాళ్లు దానికంటే పెద్దది పెట్టుకొని దీన్ని మూలకు నెడితే, అక్కడ పైపుల పని చేసే మా తమ్ముడు ఓబులేష్ అడిగి తెచ్చాడు. ఆత్మకూరు మీదుగా కూరగాయల బండిలో, వంకాయల మూటల మధ్య వచ్చింది. నిన్నంతా వాడు ఇక్కడే ఉండి పైపులు బిగించాడు, పెట్టె బయట, నీళ్ల ట్యాంకు లోపల, ట్యాంకు చుట్టూ చలికాలం ముసలమ్మలా దుప్పటి. ఇందులో నిప్పు యాడుందిరా అని నేను అడిగితే వాడు నవ్వినాడు. "ఫ్రిజ్జు చూసినావు గదక్కా, లోపలుండే వేడిని లాగి ఎనకాల పారేస్తాది. ఇదీ అంతే. బయటి గాల్లో వేడిని లాగి నీళ్లలో పారేస్తాది. కరెంటుతో నీళ్లు కాంచేది గాదు ఇది, కరెంటుతో వేడిని మోసేది. మన కడప జిల్లాలో వేడికి కరువా?" లేదు నాయనా. వానకు కరువు, బోర్లో నీళ్లకు కరువు, పొయ్యిలో పెట్టే కంపకు కూడా ఈమధ్య కరువే, వేడికి మాత్రం లేదు. పుట్టినప్పటినుంచి ఆ వేడిని తిట్టుకుంటూనే బతికాం. బయట నిప్పులు కురుస్తుంటే లోపల కూర్చొని ఇంకో నిప్పు పెట్టుకొని నీళ్లు కాచాం. పరాయి ఊరివాడెవడైనా చూస్తే, వాకిట్లో బావి పెట్టుకొని పక్కింట్లో చెంబుడు నీళ్లు అడుక్కునే వాళ్లని చూసినట్టు చూస్తాడు. యాభై ఒకటి. లేచింది. పొదుగు వదిలింది నా తల్లి.

తమ్ముడు దాని తప్పులు కూడా దాచలేదు, అదే నాకు నచ్చింది, పెండ్లి సంబంధం చెప్పేవాడిలా గుణాలు మాత్రమే చెప్పి పోలేదు. ఇది మరిగించదు అన్నాడు. అరవై దాటి కొంచెం పోతుంది గానీ పొంగు రాదు, గంజి కాయలేవు అన్నాడు. గంజికి గ్యాస్ పొయ్యి ఉంది, పడుగుకు గంజి పెట్టేది ఎప్పుడో ఒకసారి. చలికాలం తెల్లారుజామున నిదానిస్తుంది అన్నాడు. చలికాలం నేనూ నిదానిస్తాను, దానికేం. కరెంటు పోతే చేతులు కట్టుకొని కూర్చుంటుంది అన్నాడు. అది ఒక్కటి గుచ్చుకుంది. ఈ ఎండాకాలం కరెంటు మా ఊళ్లో చుట్టం లాంటిది, ఎప్పుడొస్తుందో చెప్పదు, వస్తే ఎప్పుడు పోతుందో చెప్పదు. ఇంకొకటి వాడు చెప్పలేదు, నాకే తెలుసు. దీనికి అడ్డం బావ ఉన్నాడు. బావకు దీని మీద కోపం లేదు. పొంగు రాదన్నదే కోపం.

మూడు పొంగులు. ఈ ఇంట్లోకి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు నేర్పిన మొదటి పాఠం అది, తాళి కట్టినప్పుడు మూడు ముళ్లు, రంగు వేసేటప్పుడు మూడు పొంగులు. నీళ్లు ఒకసారి తెర్లి పొంగాలి, కంప వెనక్కి లాగాలి, మళ్లీ తోయాలి, రెండో పొంగు, మళ్లీ లాగి మళ్లీ తోసి మూడో పొంగు, అప్పుడు చిటికెడు పసుపు పొయ్యిలో వేసి దండం పెట్టి, అప్పుడు నీలం రంగు. మా మామ, ఆయన తండ్రి, అందరూ అట్లాగే చేశారంటారు. చేశారంటారు గానీ పొయ్యి ముందు కూర్చున్నది వాళ్లు కాదు. మగోళ్లు దండం పెట్టే సమయానికి వచ్చేవాళ్లు. కంప లాగింది, తోసింది, ఊదింది, దగ్గింది మా అత్త గంగాదేవి. ఇప్పుడు అరుగు మీద స్తంభం పక్కన కూర్చొని కండెలకు నూలు చుడుతోంది, చుట్టడానికి కండ్లు అక్కర్లేదు, వేళ్లకే కండ్లున్నాయి. మొదట్లో పొద్దుగూకాక కనపడదు అనేది, తర్వాత పొద్దున కూడా మసకే అనింది. కడపకు తీసుకుపోతే కండ్ల డాక్టరు టార్చి వేసి చూసి ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు, రంగుల పని అంటే రంగు కాదమ్మా పొగ అన్నాడు. తర్వాత నా కండ్లలో కూడా టార్చి వేశాడు. నేను అడగలేదు, ఆయనే వేశాడు. వేసి ఏమీ అనకుండా ఆ టార్చి జేబులో పెట్టుకున్నాడు. ఆ నిశ్శబ్దాన్ని నేను బస్సులో ప్రొద్దుటూరు దాకా ఒళ్లో పెట్టుకొని వచ్చాను, అత్తేమో పక్క సీట్లో వేరుశనక్కాయలు వలిచి నా చేతిలో పోస్తూ, నువ్వు తినవే, కండ్లకు మంచిది అంటోంది.

యాభై నాలుగు. ఇంకెంత, గడప దాటినట్టే. షెడ్డు బయట పెట్టె గుర్రుమంటోంది, నిద్రపట్టిన మనిషిలా ఒకే తీరుగా. ఒక వింత ఏమంటే, లోపల నీళ్లు కాగుతుంటే ఈ పెట్టె బయటికి చల్లగాలి వదులుతుంది. వేడిని పీల్చుకొని మిగిలింది వదిలేస్తుంది కదా, పెరుగులో వెన్న తీసుకొని మజ్జిగ వదిలినట్టు. పొద్దున మా ఆయన మగ్గం గుంతలోంచి లేచి అటుగా వచ్చి, ఆ గాలికి ముఖం పెట్టి, చాలాసేపు నిలబడి, ఒక మాటన్నాడు. "ఈ గాలిని ఒక గొట్టం పెట్టి మగ్గం కాడికి తెచ్చుకుంటే, ఎండకు పోగులు తెగవు గదా." ఇన్నేళ్ల కాపురంలో నా పక్షాన ఆయన అన్న పెద్ద మాట అదే అనుకుంటాను. అదైనా అన్న లేనప్పుడే అన్నాడు. తిమ్మయ్య గుంజ వదిలి మెల్లగా అటే జరుగుతున్నాడు, బావ చూడనప్పుడు చొక్కా గుండీ విప్పి చల్లగాలి పట్టించుకుంటున్నాడు. వెక్కిరించడానికి వచ్చినవాడికి కూడా ఒళ్లనేది ఉంటుంది, దానికి పరువు తెలియదు.

గుర్రు ఆగింది. అంకె ఆరిపోయింది. షెడ్డులో ఫ్యాను మెల్లగా ఒక చుట్టు తిరిగి నిలబడింది. కరెంటు.

"అయిపాయె," అన్నాడు బావ, మంచం మీద బాసింపట్టు వేసుకొని. "కంపకు కరెంటు కావాల్నా? చెప్పు దుర్గా. మా నాయన కాలంలో తుపానొచ్చినా రంగు పని నిలబడలే."

ఏం చెప్పాలి. తుపానులో తడిసిన కంప మండదు బావా అని చెప్పాలా. పని నిలబడలేదు, నిజమే, నిలబడింది అత్త, ఆ తడికంప ముందు. పొగ మింగిన గొంతు కదా, మాటలు కూడా లోపలే మింగడం అలవాటు. కానీ ఈరోజు మింగింది ఆ అలవాటుతో కాదు, దాచిపెట్టుకోవడానికి. ట్యాంకు మీద అరచేయి పెట్టాను. దుప్పటి వల్ల పైకి ఏమీ తెలియడం లేదు, లోపల వేడి లోపలే ఉంది, బయటికి పొక్కడం లేదు. పొయ్యి అయితే ఈపాటికి సగం వేడి గోడలకు, సగం నా ముఖానికి పంచేది. ప్రొద్దుటూరు కాలేజీలో డిగ్రీ చదివేటప్పుడు ఒక మేడం ఉండేది, వేడి అనేది వస్తువు కాదు, ఒకచోటినుంచి ఇంకోచోటికి పోయేదే వేడి అని బోర్డు మీద బాణాలు గీసేది. పరీక్షలో రాశాను, మార్కులు వచ్చాయి, పెండ్లయింది, ఆ బాణాలన్నీ పొయ్యిలో కాలిపోయాయి అనుకున్నాను. రంగు పొట్లాల మీద రాసింది చదవగలిగిన కోడలు నేను ఈ ఇంటికి, కానీ నా చదువు ఇక్కడ దండెం మీద ఆరేసిన పట్టుచీర, అందరూ చూస్తారు, ఎవరూ కట్టనివ్వరు. ఒకసారి బావతో అన్నాను, నీలానికి ఇంత మరుగు వద్దేమో బావా, ఎక్కువ కాగితే రంగును కరిగించే మందు చచ్చిపోతుందంట అని. ఆయన కోప్పడలేదు, నవ్వాడు, "రంగు చదువుకునింటే నీ మాట వింటాది. మాది చదువుకోలే" అన్నాడు. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వడం తప్ప అప్పటికి నా దగ్గర మెషిన్ లేదు కదా.

అరుగు మీదనుంచి అత్త, "కరెంటు పోయిందా?" అంది. పోయింది అత్తా. "వస్తాదిలే. పోయింది రాక యాడికి పోతాది." కండె ఆపకుండానే అంది. ఆమె ఎవరి పక్షమో నాకు ఈరోజుకీ తెలియదు. మెషిన్ వచ్చిన రోజు దాన్ని నఖశిఖపర్యంతం తడిమి, ఇది ఊపిరి తీస్తాదా అని అడిగింది, తీస్తుంది అంటే, పొగ లేకుండా ఊపిరి తీసేది ఈ ఇంట్లో ఇది ఒకటే అంది. అది మెచ్చుకోలో దెప్పో. అత్తల మాటలు పెసలలాంటివి, నానితే గానీ మొలకెత్తవు.

ఫ్యాను కదిలింది. గుర్రు మళ్లీ మొదలైంది. అంకె వెలిగింది, నేను ఊపిరి బిగబట్టాను, ఎంతకు దిగిందో, యాభైకో, నలభైకో. యాభై నాలుగు. ఒక్క గీత దిగలేదు. బావ మంచం మీదనుంచి వంగి చూశాడు, కండ్లు చిన్నవి చేసి మళ్లీ చూశాడు. మంచం నులక ఒకటి ఊడి వేలాడుతుంటే దాన్ని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా కాన్పప్పుడు ఆస్పత్రి బయట రాత్రంతా నిలబడిన మనిషి. ఆయన భయం నాకు తెలుసు. మగ్గాలు ఒక్కొక్కటే మూతపడుతున్న ఈ కాలంలో మా ఇంటికి మిగిలింది ఒక్క పేరు, మా నీలం. బట్టల అంగళ్లలో దాన్ని పాచి నీలం అంటారు. నిండు నీలం కాదది, అడుగున కొంచెం ఆకుపచ్చ, కొంచెం బూడిద, వంకలో నిలిచిన నీళ్ల మీద పాచి కట్టినట్టు. వేరే ఎవరికీ రాదు. ఉమామహేశ్వర వాళ్ల నీలమేనా అని అడిగి మరీ కొంటారు. అది ఎందుకు వస్తుందో ఎవరూ అడగలేదు. మూడు పొంగుల మహిమ అని బావ, చౌడమ్మ చలవ అని అప్పట్లో మామ, మా ఊరి నీళ్లు అని తిమ్మయ్య.

అరవై.

లేచాను. ఇంక అనుకునేది ఏమీ లేదు, చేతులకు పని వచ్చింది. కొళాయి తిప్పితే తొట్టిలోకి నీళ్లు ఆవిరి కక్కకుండా, చప్పుడు చేయకుండా దిగాయి, అంత వేడి నీళ్లు అంత మర్యాదగా రావడం నేనెప్పుడూ చూడలేదు. సోడా, మందు, రంగు, కర్రతో తిప్పడం, చేతులకు రబ్బరు తొడుగులు. తడిపిన చిలపను, నూలు కట్టను, కర్రకు తగిలించి ముంచాను. బావ లేచి వచ్చి నిలబడ్డాడు. మరగని నీళ్లలో నీలం వేయడం ఆ కండ్లు చూడటం మొదటిసారి, ఎంగిలి విస్తట్లో ప్రసాదం పెట్టినట్టు చూస్తున్నాడు. తిప్పాను, ముంచాను, తిప్పాను. చెమట ఉంది గానీ కన్నీళ్లు లేవు. రంగు వేస్తూ కండ్లు తెరిచి ఉండటం ఇదే మొదలు. తొట్టిలో రంగు ఎట్లా కదులుతుందో, అంచుల్లో రాగి మెరుపు ఎట్లా తేలుతుందో ఇన్నేళ్లలో నేను చూడనేలేదు. చూడకుండా వేశాను, గుడ్డిదాన్ని కాకముందే గుడ్డిగా వేశాను.

చిలప పైకి తీశాను. బురద రంగులో, నీళ్లు కారుతూ. ఈ రంగు అంతే, నీళ్లలో ఉన్నంతసేపు దాక్కుంటుంది, గాలి తగిలితేనే బయటపడుతుంది. దండెం మీద వేసి విదిలించాను. అందరం చూస్తున్నాం. బురద విరిగింది, పై పోగుల్లో మొదలై కిందికి జారింది నీలం. జారి, ఆగి, నిండింది. పాచి లేదు. బూడిద లేదు. కార్తీకం పొద్దున గండికోట మీద ఆకాశం ఉంటుంది చూడండి, అట్లాంటి నీలం. ఈ నీలాన్ని నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. బావ ఊళ్లో లేని ఒక ముసురు రోజున కంప తడిసి మండక, పొంగు రాకముందే రంగు వేస్తే ఇదే వచ్చింది. తప్పు రంగు వచ్చిందని మామ అరిచాడు, అత్త ఏడుస్తూ పొయ్యి రగిలించి, ఆ చిలపను మళ్లీ మరిగే నీళ్లలో ఉడకేసి మాడ్చి సరిచేసింది. సరిచేసింది! అంటే మా పేరున్న నీలం మహిమ కాదు, మాడు. అన్నం అడుగంటితే ఆ వాసనకే అలవాటు పడిన ఇల్లు ఇది.

చిలపను జాడించి, తెల్లగుడ్డ తడిపి దాని మీద రుద్దాను, గట్టిగా, తిమ్మయ్య చేతికి కూడా ఇచ్చి రుద్దమన్నాను. గుడ్డ తెల్లగానే ఉంది. "దిగలేదప్పా," అన్నాడు తిమ్మయ్య, "నిలబడింది." బావ చిలపను అరచేతిలోకి తీసుకున్నాడు, ఎండలోకి పట్టుకున్నాడు, పోగు విడదీసి చూశాడు. ఆ వేళ్లు ఒక్క క్షణం దాన్ని ప్రేమగా తడమడం నేను చూశాను, అబద్ధం చెప్పను. తర్వాత దండెం మీద వేసేశాడు.

"రంగు బాగుండాది. కాని మన రంగు గాదు. అంగట్లో వేసి ఇది ఉమామహేశ్వరోళ్లది అంటే ఎవురు నమ్ముతారు? మెషిన్ వాపసు పంపీ. పొయ్యి అంటించు, మన నీలం మళ్లా తీద్దాం."

అరుగు మీద కండె చప్పుడు ఆగింది. "ఏం రంగొచ్చిందే దుర్గా?"

"నీలమే అత్తా. తేట నీలం. పాచి లేదు."

"పొంగు లేకుండానే అంటుకునిందా?"

"అంటుకునింది."

అత్త చేతులు ఒళ్లో పడ్డాయి. ఎవరినీ కాదు, ఎదురుగా ఉన్న మసకను అడిగినట్టు అడిగింది. "అయితే నా కండ్లు దేనికి పోయినాయే?"

మగ్గం చప్పుడు కూడా ఆగింది, మా ఆయన లోపల విన్నాడన్న మాట. నా నాలుక కొన మీదికి ఒక అబద్ధం వచ్చింది, సిద్ధంగా, మెత్తగా. మెషిన్ తీరు వేరు అత్తా, పాచి నీలం కావాలంటే పొంగు ఉండాల్సిందే, నీ కష్టం ఊరికే పోలేదు, అనేస్తే చాలు. ఆమె మనసు చల్లబడుతుంది, బావ గెలుస్తాడు, నేను పొయ్యి ముందు కూర్చుంటాను, కొన్నేళ్లకు ఇదే అరుగు మీద కూర్చొని ఇదే ప్రశ్న నేను ఇంకో కోడలిని అడుగుతాను, ఆ పిల్ల కూడా మెత్తగా ఇదే అబద్ధం చెబుతుంది. ఇన్ని తరాలు ఒకరి కండ్ల మీద ఒకరం కప్పిన గుడ్డ ఇదే కదా. వద్దు. ఆమె ముందుకు పోయి మోకాళ్ల మీద కూర్చున్నాను. రబ్బరు తొడుగులు తీసి ఆమె చేతులు పట్టుకున్నాను.

"నీలానికి పోలేదు అత్తా. నీలం నీ కండ్లు అడగనే లేదు. మనోళ్లు అడిగినారు, నువ్వు ఇచ్చినావు. నేను ఇయ్యను."

కొడతుందేమో అనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటే తడిమింది, గోళ్లలో రంగు ఉందా లేదా చూసుకున్నట్టు. ముక్కు ఎగబీల్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంది, ఏం తుడుచుకుందో నాకు కనపడింది, ఆమెకే కనపడలేదు.

"బుట్టలో ఇంకా చిలపలుండాయా?"

"నిండుగా ఉండాయి."

"జాడించింది ఇట్లియ్యి. పిండుతా. నీ పిండుడు పిల్లికి స్నానం చేయించినట్టుంటాది, సగం నీళ్లు దాంట్లోనే." అరుగు దిగి, నా భుజం పట్టుకొని తొట్టి దగ్గరికి వచ్చింది. పీట లాగి కూర్చుంది. తడి చిలప చేతికి ఇస్తే మెలిపెట్టి ఒక్క పిండు పిండింది, కాళ్ల మీద నీళ్లు ధారగా కారాయి.

"అమ్మా, నువ్వు గూడా..." అన్నాడు బావ. ఆమె తల తిప్పలేదు. ఆయన నావైపు తిరిగాడు, గొంతు పెంచాడు, పెంచినా అందులో ముందటి బరువు లేదు. "దుర్గా, చెప్పేది నీకే. ఇది మన నీలం గాదు. పొయ్యి అంటించమన్నానా లేదా?"

నేను ఇంకో చిలప కర్రకు తగిలించాను.

"నీ నీలం నీకు గావాలంటే నువ్వే తీసుకో బావా, ఎవురొద్దన్నారు. కంప గోడ పక్కనుండాది. అగ్గిపెట్టె గూట్లో ఉండాది." అని చిలపను నీళ్లలోకి దించాను.